గాలత్తమ్మ కారు నేర్చిన వైనం

ఆవిడకి ఆ పేరు పెట్టింది కోడలి దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు. మొదట్లో చాటుమాటుగా అనుకునేవారు. వాళ్ళలో నోటికి తాళం లేని పిల్ల ఒకతె ఒకరోజు ఎదురుగానే "గాలత్తమ్మా, మా బండికి గాలి చూశారా?" అనేసి నాలిక కరుచుకుంది. ఆవిడ కారు చక్రం పక్కన వేసుకున్న ముక్కాలిపీట మీద కూర్చునే, కళ్ళజోడు పైకి తోసుకుని, "గాలి కబుర్లు చెప్పేవాళ్ళని గాలిమనుషులంటారే పిల్లా. నేను గాలిని కొలిచేదాన్ని. పేరు బాగానే అతికింది, ఉంచండి," అంది. అంతే, వీధివీధంతా ఆ పేరే ఖాయమైపోయింది.

అంతకు ముందు ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసింది. వార్డుల్లోంచి వచ్చే దుప్పట్లు, దిండుగలీబులు, డాక్టర్ల కోట్లు ఉతికి, ఆవిరితో నడిచే పెద్ద పెద్ద ఇస్త్రీ యంత్రాల్లోంచి తీసి మడతలు పెట్టే చోటు అది. మడతలు పెట్టే పనిలో చేరి, బాయిలరు గది చూసుకునే స్థాయికి ఎదిగింది. బాయిలరు మీద పళ్ళెమంత గుండ్రటి గేజీ ఉండేది. దాని ముల్లు ఎర్రగీత దాటితే ప్రమాదం. బాగా కిందికి జారితే దుప్పట్లు తడితడిగా, ముసలమ్మ మొహంలా ముడతలతోనే బయటికి వచ్చేవి. ఎవరితో మాట్లాడుతున్నా, టీ తాగుతున్నా ఆవిడ ఒక కన్ను ఆ ముల్లు మీదే ఉండేది. భర్త తొందరగా పోయాడు. ఉన్న ఒక్క కొడుకునీ ఆ లాండ్రీ జీతం మీదే పెంచి, లిఫ్టులు బాగుచేసే పని నేర్పించింది.

ఆవిడ రిటైరైన రోజున తోటివాళ్ళంతా కలిసి కొత్త ఇస్త్రీపెట్టె కొనిచ్చారు. "బతుకంతా ఏనుగుని తోలినవాడికి వెళ్ళిపోయేటప్పుడు అంకుశం చేతిలో పెట్టి పంపినట్టుంది," అని ఇంటికొచ్చి నవ్వింది. ఆ నవ్వు నాలుగు రోజులకే అయిపోయింది. తెల్లారితే ఏం చెయ్యాలో తోచేది కాదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ చేసేసింది. కర్టెన్లు, తువ్వాళ్ళు, కొడుకు బనియన్లు, ఆఖరికి కార్లు తుడిచే పాతగుడ్డలకి కూడా మడత నలగకుండా ఇస్త్రీ చేసి దొంతర్లు పెట్టింది. తర్వాత వంటింటి మీద పడింది. ఉప్పు ఉన్న చోట పంచదార, పంచదార ఉన్న చోట ఉప్పు చేరాయి. కోడలు ఒక పొద్దున హడావుడిలో టీలో ఉప్పు వేసుకుని, ఒక్క గుక్క తాగి, పళ్ళబిగువున ఊరుకుంది.

కోడలు చెడ్డది కాదు. పనిమంతురాలు. ఇంటి ముందు వరండాని ఆనుకుని ఉన్న జాగాలో రెండు కార్లు పెట్టుకుని ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పేది. నీలం రంగు పాతకారు ఒకటి, తెల్ల రంగు కొత్తకారు ఒకటి. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఊపిరి సలపదు. మళ్ళీ సాయంత్రం రెండు బ్యాచీలు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుబొదురుగా లేకపోవడం వల్లే ఇన్నాళ్ళూ సామరస్యంగా గడిచిందని ఆవిడకీ తెలుసు, కోడలికీ తెలుసు. ఇప్పుడు ఏం జరుగుతుందోనని కొడుక్కి లోపల గుబులే. అమ్మ ఒకటంటే పెళ్ళాం ఇంకొకటంటుందేమోనని, లిఫ్టుల పని లేని రోజున కూడా ఏదో లిఫ్టు ఆగిపోయిందని చెప్పి బయటపడేవాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆవిడ వరండాలో టీగ్లాసుతో కూర్చుని ఉండగా నీలం కారు వెనక చక్రం మీద చూపు పడింది. మిగతా మూడూ నిలబడి ఉన్నాయి, అదొక్కటే చతికిలబడినట్టుంది. నేలకి ఆనిన చోట రబ్బరు రెండు పక్కలా ఉబ్బి, పొట్ట జారినట్టు కనిపించింది.

"అమ్మాయ్, ఆ వెనక చక్రంలో గాలి తగ్గింది చూశావా?"

"పెట్రోల్ బంకుకి వెళ్ళినప్పుడు కొట్టిస్తాలెండి అత్తయ్యా," అని కోడలు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడూ ఆ చక్రం అలాగే కూర్చుని ఉంది. ఆ మర్నాడూ అంతే. బంకుకి వెళ్ళకపోలేదు. వెళ్ళిందిగానీ, పెట్రోలు పోయించుకునేసరికి పక్కన నేర్చుకునే అమ్మాయి ఉండటం, వెనక హారన్లు మోగడం, గాలి దగ్గర వరస ఉండటం, ఏదో ఒకటి. ఇంట్లో లిఫ్టు మెకానిక్కు ఉన్నాడు కదా అంటే, వాడు "తెల్లకారులో గాలి తగ్గితే స్టీరింగ్ ముందు దీపం వెలుగుతుందమ్మా, భయం లేదు," అంటాడు.

"మరి నీలం కారుకి దీపం లేదు కదరా?"

"దానికి నువ్వున్నావుగా," అన్నాడు నవ్వుతూ, బూట్లు తొడుక్కుంటూ.

వాడు వేళాకోళానికన్న ఆ మాట ఆవిడ మనసులో కూర్చుంది. ఆ మధ్యాహ్నం చెప్పులేసుకుని కార్ల సామాన్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణం ఆయన అంకెలు వెలిగే చిన్న గేజీ చూపించాడు. "నాకు ముల్లున్నది కావాలి బాబూ, అంకెలు నమ్మను," అంది. అతను అలమరా అడుగునుంచి ఇత్తడి ముఖం ఉన్న గుండ్రటి గేజీ తీసి దుమ్ము తుడిచి ఇచ్చాడు. అరచేతిలో పెట్టుకోగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. బాయిలరు గేజీకి పుట్టిన పిల్లలా ఉంది.

కారు సాకెట్టులో పెడితే నడిచే చిన్న గాలిపంపు ఒకటి కొడుకు ఎప్పుడో కొని అటక మీద పడేశాడు. అది దింపించింది. వాల్వు మూత విప్పి, గేజీ ఆనించి, ముల్లు చూసింది. పాతిక. మరి ఎంత ఉండాలి? టైరు పక్కనే అచ్చుపోసిన అక్షరాల్లో వెతికితే నలభై నాలుగు అని కనిపించింది. ఇంకేం, నాలుగింటికీ నలభై నాలుగు కొట్టేసింది. చక్రాలు పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడాయి.

సాయంత్రం బ్యాచి నుంచి కోడలు నడుం పట్టుకుని దిగింది. "కారుకేమైంది? గులకరాయి తగిలితే చాలు, బంతిలా ఎగురుతోంది! ఆ అమ్మాయి రెండుసార్లు తల పైకప్పుకి కొట్టుకుంది!"

ఆవిడ మొహం చిన్నబోయింది. చేసిందంతా చెప్పింది. కోడలికి కోపం వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. కోపం మింగి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు మూస్తే కనపడని చోట అంటించి ఉన్న కాగితం చూపించింది. "టైరు మీద రాసింది ఆ టైరు తట్టుకోగలిగినంత అత్తయ్యా. మన కారుకి కావలసింది ఇదిగో, ఇక్కడుంటుంది. ముప్పై మూడు."

"ఆకలేసినవాడు తినేదానికీ, పందెం కట్టినవాడు తినేదానికీ ఉన్న తేడా అన్నమాట," అంది ఆవిడ. గాలి వదులుతుంటే వాల్వు బుస్సుమంటూ చల్లగా చేతికి తగిలింది.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు మధ్యాహ్నం, కారు ఎండలో ఊరంతా తిరిగి రాగానే కొలిచింది. ముల్లు ముప్పై ఏడు చూపించింది. "ఇదేంటి, తనంతట తనే పెరిగింది?" అని ఎక్కువైన గాలి వదిలేసింది. తెల్లారి చల్లటి వేళ చూస్తే ముప్పైకి పడిపోయి ఉంది. రాత్రికి రాత్రి గాలి ఎత్తుకుపోయే దొంగలెవరా అని వాల్వులన్నిటికీ ఉమ్ము తడి పెట్టి చూసింది. ఒక్క బుడగ రాలేదు. టీ తాగుతూ ఆలోచించింది, ఆలోచించి నుదురు కొట్టుకుంది. ఆవిరి గదిలో అన్నేళ్ళు ఉండి ఈ మాత్రం తట్టలేదు! వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. చక్రం తిరిగీ తిరిగీ వేడెక్కిన తర్వాత కొలిస్తే, జ్వరం వచ్చినవాడి ఒంటి వేడి చూసి వాడి వాటమే అంత అనుకున్నట్టే. కొలవడమంటూ జరిగితే బండి కదలకముందే, పొద్దున్నే జరగాలి.

అప్పటినుంచి ఆదివారం పొద్దున్న ఆవిడది. ముక్కాలిపీట, గేజీ, పంపు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. చక్రం చక్రానికీ పీట జరుపుకుంటూ రెండు కార్ల చుట్టూ తిరిగేది. గాలితో ఆగలేదు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్ళు పుల్లతో తీసేది. టైరు ఒక అంచున ఎక్కువ అరిగితే కోడల్ని పిలిచి చూపించేది. పోయిన వాల్వు మూతల బదులు కొత్తవి తెచ్చి పెట్టింది. నెల తిరిగేసరికి నేర్చుకునే పిల్లలే "అక్కా, స్టీరింగ్ ఇప్పుడు తేలిగ్గా తిరుగుతోంది," అన్నారు. పెట్రోలు కూడా కాస్త ఎక్కువ రోజులు వస్తోందని కోడలు గమనించింది. గమనించి, ఆ రాత్రి అన్నాల దగ్గర మొగుడికి వినపడేలా ఆ మాట అంది. కొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

వంటింట్లో ఉప్పూ పంచదారా ఎవరూ ఏమీ అనకుండానే పాత చోట్లకి చేరుకున్నాయి.

పేరు పడింది కూడా ఆ రోజుల్లోనే. వీధిలో వాళ్ళు ఆదివారం పొద్దున కార్లు తెచ్చి గేటు ముందు ఆపేవారు. "కాస్త మాది కూడా చూడండి గాలత్తమ్మగారూ." ఆవిడ ముందు తలుపు తెరిపించి కాగితం చదివేది. ఎదురింటి ఫొటోగ్రాఫరుకి మాత్రం ప్రతి వారం చీవాట్లే. "కారు కడిగి అద్దంలా మెరిపిస్తావు, కాళ్ళు మాత్రం చూడవు. పైన పటారం, లోన లొటారం!"

ఇంతా చేసి, కారెక్కితే ఆవిడ చోటు వెనకసీటే. అదీ ఎవరైనా తీసుకెళ్ళినప్పుడు. ఆ బాధ ఆవిడకి చెల్లెలి వల్ల తెలిసొచ్చింది. చెల్లెలు కొండకి అవతలి ఊళ్ళో మొక్కల నర్సరీ నడిపేది. మొక్కల్ని వదిలి ఒక్క పూట రాలేదు. ఇక్కడినుంచి బస్సు కొండ చుట్టూ తిరిగి, రెండు చోట్ల మారి, సగం రోజు మింగేది. కారులో కొండ మీదుగా వెళితే దగ్గరే, కానీ కొడుకుకి తీరిక దొరకాలి, కోడలికి బ్యాచి లేకుండా ఉండాలి. "వచ్చే వారం తీసుకెళతానమ్మా" అన్న మాట ఎన్ని వారాలు నడిచిందో. చెల్లెలు ఫోన్లో "నీ మొహం మర్చిపోయానే అక్కా. గొంతు మాత్రమే గుర్తుంది," అని నిష్ఠూరమాడింది.

ఫోను పెట్టేసి ఆవిడ నేరుగా కోడలి దగ్గరికి వెళ్ళింది. "నాకు నేర్పు."

"ఏంటి?"

"కారు."

కోడలు ఆవిడ కాళ్ళ వైపు చూసింది. "రేపు పొద్దున్న బ్యాచి కంటే ముందు రండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి," అంది అంతే.

కొడుకే కాళ్ళకి అడ్డం పడ్డాడు. "ఈ వయసులో ఎందుకమ్మా నీకీ సాహసం? ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను తీసుకెళ్ళనూ?"

"తీసుకెళతావు నాయనా, ఎప్పుడని అడక్కుండా ఉంటే. నాకు కళ్ళు సరిగ్గా ఉన్నాయి, చెవులు ఉన్నాయి, కాళ్ళూ చేతులూ ఉన్నాయి. లేనిది లైసెన్సు ఒక్కటే."

"నేర్పేది నేను కదా, మీరెందుకు కంగారు పడతారు," అని కోడలు అనేసరికి వాడు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. తల్లీ పెళ్ళామూ ఒక పక్కన చేరడం వాడి జన్మలో అదే మొదలు.

మొదటి రోజు కోడలు సీటు బెల్టు పెట్టించి, అద్దాలు సర్ది, "ఒక్క మాట అత్తయ్యా. ఈ కార్లో ఉన్నంతసేపూ నేను అత్తని, మీరు కోడలు. తిడతాను, పట్టించుకోకండి," అంది.

"నేను తిట్టినట్టే తిడతావా?"

"అంతకంటే తక్కువే తిడతాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ క్లచ్చి ఒక్కసారిగా వదిలేసింది. కారు కప్పలా గెంతి ఆగిపోయింది.

ముందుకి పోవడం తొందరగానే పట్టుబడింది. గేర్లు ఆవిడకి చెవితో తెలిసేవి. ఇంజను గొంతు మారగానే చెయ్యి దానంతటదే వెళ్ళేది. వెనక్కి తీయడం దగ్గరే వచ్చింది చిక్కంతా. అద్దంలో కుడి ఎడమైపోయేది. ఆటస్థలంలో నిలబెట్టిన ప్లాస్టిక్ కోనుల్లో ఆవిడ పడెయ్యనిది లేదు. "అత్తయ్యా, అద్దం చూడండి, నా మొహం కాదు!" అని కోడలు అరిచేది. ఇంటికి వచ్చాక అదే కోడలు "పాపం, చేతులు నొప్పులు పుట్టాయా," అని వేడినీళ్ళు పెట్టిచ్చేది. పరీక్షలో మొదటిసారి తప్పింది. కారు వెనక్కి తీసి రెండు గీతల మధ్య నిలపమంటే గీత మీదే నిలబెట్టింది. పరీక్ష పెట్టే అధికారి "మళ్ళీ రండమ్మా," అన్నాడు మర్యాదగానే. రెండోసారి గీతల మధ్య ఎంత పొందిగ్గా పెట్టిందంటే, దిగి చుట్టూ నడిచి చూసుకుని, మడత పెట్టిన దుప్పటిలా ఉందనుకుంది.

లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే చెల్లెలి ఊరికి ప్రయాణం కట్టారు. కొండదారి కొత్త కాబట్టి పక్కన కోడలు కూర్చుంది. ఆ పొద్దున గాలత్తమ్మ నీలం కారు నాలుగు చక్రాలూ మామూలు కంటే శ్రద్ధగా కొలిచింది. నాలుగూ ముప్పై మూడే. గేజీ, పంపు, గుడ్డలు కారులోనే పెట్టేసింది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు, రొట్టెలు సర్దుకున్నారు. కొడుకు గేటు దాకా వచ్చి, చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పి, ఏమీ మిగలక "కిటికీ అద్దం దించుకోండి," అన్నాడు.

ఊరు దాటేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టే నడిపింది. కొండ మొదలయ్యాక ఆశ్చర్యంగా భయం తగ్గింది. దారికి ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. లోయలో ఇంకా మంచు తేలుతోంది. రోడ్డు బాగుచేస్తున్న చోట కంకర కుప్పల పక్కనుంచి నెమ్మదిగా దాటించింది. అది దాటిన కాసేపటికి కారు ఎడమకి ఒరగడం మొదలుపెట్టింది.

"స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి అత్తయ్యా."

"తిన్నగానే పట్టుకున్నానమ్మా. బండే ఎడమకి లాగుతోంది."

"కొత్తలో అలాగే అనిపిస్తుంది. వంపుల్లో చేతులు తెలియకుండానే..."

"ఇక్కడ వంపెక్కడుంది?"

నిజమే, దారి అక్కడ గీత గీసినట్టుంది. కోడలు కిటికీలోంచి తల బయటపెట్టి, గభాలున లోపలికి తీసుకుంది. "పక్కకి ఆపండి. నెమ్మదిగా. బ్రేకు గట్టిగా తొక్కకండి."

రోడ్డు వెడల్పుగా ఉన్న చోట, చిన్న పిట్టగోడ పక్కన ఆపారు. ముందు ఎడమ చక్రంలో బొటనవేలంత మరమేకు ఒకటి దిగబడి ఉంది. చెవి పెడితే సన్నగా ఈల వినిపిస్తోంది. పంపు పెట్టి చూశారు. అటు పోసింది ఇటు పోతోంది, చిల్లికుండలో నీళ్ళు.

"ఫరవాలేదు, స్టెప్నీ ఉందిగా," అని కోడలు డిక్కీ తెరిచి, అడుగున పరిచిన అట్ట ఎత్తింది. దాని కింద విడి చక్రం దుమ్ము కొట్టుకుని పడుకుని ఉంది. గాలత్తమ్మ గేజీ ఆనించింది. ముల్లు కదిలిందా అంటే కదిలింది, దోమ వాలినంత.

కారు కొన్న నాటినుంచి ఎవరూ ఆ అట్ట ఎత్తలేదు. ప్రతి ఆదివారం పీట వేసుకుని నాలుగు చక్రాల చుట్టూ తిరిగిన మనిషి, ఐదోదొకటి ఉందన్న సంగతే మరిచిపోయింది. ఆవిడ గేజీ తీసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు," అంది. "ఈ సంగతి ఆ ఫొటోగ్రాఫరుకి తెలిస్తే నేను వీధిలో తలెత్తుకుని తిరగలేను."

"మీ సంగతి సరే. చక్రం మార్చడం ఎలాగో బోర్డు మీద బొమ్మ గీసి అందరికీ పాఠం చెప్తాను నేను," అంది కోడలు గొంతు తగ్గించి. "చేత్తో ఇంతవరకు ఒక్కటీ విప్పలేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అంతే, నవ్వు ఆగలేదు. కోడలు డిక్కీ అంచు పట్టుకుని వంగిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

స్టెప్నీకి తూట్లేమీ లేవు. ఏళ్ళ తరబడి పడి ఉండి కొంచెం కొంచెంగా ఖాళీ అయింది, అంతే. పంపు తగిలించి, ఇంజను నడుస్తుండగా వదిలేశారు. చిన్న పంపు, పెద్ద ఆకలి. డుగడుగడుగమంటూ అది కొట్టుకుంటుంటే ఇద్దరూ పిట్టగోడ మీద కూర్చుని ఫ్లాస్కు విప్పారు. ఎండ మెల్లగా లోయలోకి దిగుతోంది.

"మీరు రిటైరవుతున్నారంటే నాకు భయమేసింది అత్తయ్యా," అంది కోడలు టీగ్లాసులోకి చూస్తూ. "చెప్పకూడదుగానీ, మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను కూడా. రోజంతా ఇంట్లో ఉంటారు, నా ప్రతి పనికీ వంక పెడతారు అనుకున్నాను."

"పెట్టానుగా."

"పెట్టారు. తర్వాత చక్రాల మీదికి మళ్ళారు."

ఆవిడ గుడ్డు పెంకు తీసి, సగం చేసి కోడలి చేతిలో పెట్టింది. "నాకూ భయమేసిందే. లాండ్రీలో నేను లేకపోతే పని ఆగేది. ఇంట్లో నేను లేకపోయినా అన్నీ సాగుతున్నాయి. నా చెయ్యి పడకపోతే నేనున్నట్టు ఎవరికి తెలుస్తుంది? అందుకే నీ పంచదార డబ్బా మీద పడ్డాను."

"ఆ ఉప్పుటీ ఇప్పటికీ నాలిక మీదుంది."

"తాగావా?! మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే మీరు ఇంకో టీ పెట్టేవారు. మిరప్పొడి డబ్బా ఎక్కడుందో నాకప్పటికి తెలీదు."

పంపు ఆపి చూస్తే ముల్లు ముప్పై మూడుకి చేరింది. ఇక అసలు పని. కోడలు తన పాఠం తనే పైకి చదువుకుంటూ మొదలుపెట్టింది. "హ్యాండ్ బ్రేకు. వెనక చక్రానికి రాయి అడ్డం. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చెయ్యాలి." మూడు నట్లు వదులయ్యాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కోడలు బలమంతా పెట్టింది, చేతులు ఎర్రబడ్డాయిగానీ అది కదల్లేదు.

"తప్పుకో," అని గాలత్తమ్మ స్పానరు పిడి అడ్డంగా ఉండేలా సర్ది, కారు అంచు పట్టుకుని, దాని మీదికి ఎక్కి నిలబడింది. ఊరికే నిలబడలేదు. "ఇన్నాళ్ళూ ఒళ్ళొచ్చింది ఒళ్ళొచ్చింది అన్నారుగా, ఇదిగో, పనికొచ్చింది!" అని ఒక్క ఊపు ఊపింది. నట్టు కీచుమని అరిచి వదిలింది. ఆవిడ తూలిపోతుంటే కోడలు నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆ పిల్ల తనని అలా పట్టుకోవడం ఆవిడకి జ్ఞాపకం లేదు.

చక్రం మారింది. మసి చేతులు తడిగుడ్డతో తుడుచుకుని మళ్ళీ బయల్దేరారు. స్టీరింగ్ ఆవిడే పట్టుకుంది. కోడలు ఇవ్వమని అడగలేదు. కొండ దిగగానే పంక్చర్ల దుకాణం దగ్గర ఆగి మరమేకు తీయించి, పాతచక్రం బాగుచేయించుకున్నారు.

చెల్లెలు నర్సరీ గేటు దగ్గర మట్టి చేతులతో నిలబడి ఉంది. వచ్చే కారులో డ్రైవరు సీటు వైపు చూడకుండా పక్కసీటు వైపు చూసి, అక్కడ కోడలు కనపడేసరికి "అక్క రాలేదా?" అని అరిచింది. ఇవతలి తలుపు తెరుచుకుని అక్క దిగింది. చెల్లెలు నోటి మీద చెయ్యి వేసుకుంది. చెయ్యి తీస్తే మొహమంతా మట్టి.

"ఓసి నీ దుంప తెగ, నువ్వే తోలుకొచ్చావా!"

"తోలుకొచ్చాను. దారిలో చక్రం కూడా మార్చాం."

ఆ రోజు మాటలకి అంతే లేదు. మొక్కలకి నీళ్ళు పెడుతూ మాట్లాడుకున్నారు, భోంచేస్తూ మాట్లాడుకున్నారు, చిన్నప్పటి తగవులు మళ్ళీ మొదటినుంచి తవ్వుకుని తీర్పులు చెప్పుకున్నారు. కోడలు చెట్టునీడన మంచం వేసుకుని, ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూస్తూ నిద్రపోయింది. గాలత్తమ్మ మాత్రం ఒకసారి లేచి, చెల్లెలి మొక్కల ట్రాలీబండి చుట్టూ తిరిగి వచ్చింది. "నీ బండి చక్రాలు అప్పడాల్లా ఉన్నాయే," అంటే "వచ్చి రాగానే మొదలుపెట్టకు," అంది చెల్లెలు. తిరిగి వెళ్ళేటప్పుడు వెనకసీటు నిండా కుండీలు ఎక్కించింది. తలుపు దగ్గర కాగితంలో బరువు ఎక్కువైతే గాలి ఎంత పెంచాలో కూడా రాసి ఉంది. అంత పెంచుకునే కొండెక్కారు.

ఇప్పుడు గాలత్తమ్మ ఒక్కతే వెళ్ళి వస్తోంది. వెళ్ళేముందు ఎవరి తీరికా అడగదు, "వెళ్ళొస్తా" అని మాత్రం చెబుతుంది. నీలం కారులో స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలు కొలుస్తుంది. కోడలు కొత్తగా చేరిన పిల్లలకి చక్రం మార్చే పాఠం బోర్డు మీద చెప్పడం మానేసి, వరండా ముందు నిజం చక్రమే విప్పిస్తోంది. కొడుకు ఒక లిఫ్టు పని మీద ఊరు దాటి వెళ్ళాల్సి వస్తే తల్లే దింపింది. వాడు దారంతా కాళ్ళ కింద లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడట.

పోయిన వారం చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండ మీదికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళు కొండ కిందే ఉండి చెల్లెలు ఒక్కసారి కూడా పైకి రాలేదు. శిఖరం దగ్గర కారు ఆపి, ఇద్దరూ లోపలే కూర్చుని చూశారు. ఒక పక్క అక్క ఊరు, ఒక పక్క చెల్లెలి ఊరు. నర్సరీలోని ఆకుపచ్చ గుడ్డ పందిరి పైనుంచి చేతిరుమాలంత కనిపించింది. గాలి చల్లగా కొడుతోంది. చెల్లెలు అద్దం ఎత్తమంది. ఉండనీ, బాగుంది అంది అక్క. చలేస్తోందే అంది చెల్లెలు. శాలువా కప్పుకో అంది అక్క. ఆ వాదన అలా సాగుతుండగానే గాలత్తమ్మ బండి స్టార్టు చేసి, అద్దంలో ఒకసారి వెనక్కి చూసుకుని, రోడ్డు మీదికి తిప్పింది.